పొయ్యి దగ్గర విన్న మందు పేరు

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు, భయమూ లేదు. బీఎస్సీ బాటనీ చదివాను. జనగామ దగ్గర మా పుట్టింటి ఊళ్ళో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు థర్మామీటర్ కోసం వెతికే రకాన్ని. ఈ విషయంలో మా అత్తమ్మ నాకంటే మొండిది. శ్మశానం పక్క పొలంలో ముప్పయ్యేళ్ళు ఒంటరిగా కలుపు తీసిన మనిషి. "దయ్యాలకు మనతోని ఏం పని ఉంటది, వాటి పరేషాన్ వాటికుంటది" అనేది. నేను చెప్పబోయేది ఇలాంటి ఇద్దరి మధ్య జరిగిన సంగతి.

అది 1999 వానాకాలం. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. ఒకటి రెండు అద్దాల బిల్డింగులు, వాటి చుట్టూ రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు. మాది ఆ పక్కనే ఉన్న పుప్పాలగూడ. అది అచ్చంగా పల్లెటూరు. అత్తమ్మ కట్టించుకున్న రెండు గదుల ఇల్లు, వెనకాల చిన్న వాకిలి, అందులో స్నానాలకు నీళ్ళు కాచే కట్టెల పొయ్యి. మామయ్య పోయి అప్పటికి రెండేళ్ళు.

నా భర్త శ్రీశైలం బిల్డింగులకు కరెంటు వైరింగ్ చేసేవాడు. ఆ ఎండాకాలంలో పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఆరు నెలల దాకా పని మాట ఎత్తొద్దన్నారు. ఇంట్లో సంపాదించే మనిషి లేడు. అలాంటప్పుడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ట్రైనీగా నన్ను తీసుకున్నారు.

ఆ పని ఏమిటో అప్పట్లో నేను ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది మేము ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయాలి. కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. కుట్టు మిషనే అనుకోండి. మూడు నెలలు ట్రైనింగు, చివర ఒక టెస్టు. పాసైతే ఉద్యోగం, తప్పితే ఇంటికి. రెండో అవకాశం లేదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు.

మా బ్యాచ్‌కి పొద్దున ఆరింటి షిఫ్టు. ఐదింటికల్లా వ్యాను వచ్చేది. మధ్యాహ్నం రెండింటిదాకా పని, మూడున్నరకు ఇల్లు. సాయంత్రం ఎనిమిదికే పడుకుంటే తప్ప లేవలేను. కానీ పల్లెటూళ్ళో ఎనిమిదింటికి ఎవరు పడుకుంటారు? పక్కింటి టీవీ, కుక్కలు, నా బుర్రలో తిరిగే రోగాల పేర్లు. రెండు వారాలు నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయాక మెహదీపట్నంలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే నిద్రమాత్రలు రాశాడు. పడుకునే ముందు ఒకటి వేసుకోమన్నాడు.

ఇక్కడే నేను తెలివి చూపించాను. పడుకునే ముందు వేసుకుంటే అది పనిచేసేదాకా సమయం వృథా కదా అనుకున్నాను. అందుకని ఏడింటికే మాత్ర మింగి, అది ఎక్కేలోపు గంటసేపు పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. మందుల పేర్లు, ఎముకల పేర్లు, ఆపరేషన్ల పేర్లు, రోజుకు నలభై. మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలకు కూడా ఈ ఉపాయం చెప్పాను. అంత గొప్పగా ఉండేది నాకు.

మాత్రలు మొదలుపెట్టిన మూడో వారానికి గొప్పతనం దిగిపోయింది. మా ట్రైనర్ మూర్తిగారిది కాకినాడ. నెమ్మదస్తుడు కానీ రోజూ పొద్దున్నే పది పదాలు డిక్టేషన్ చెప్పేవారు. ముందురోజు క్లాసులో విన్నవి రాయగలిగేదాన్ని. సాయంత్రం ఇంట్లో చదివినవి ఒక్కటీ వచ్చేది కాదు. మరిచిపోవడమైతే కాసేపటికి నాలుక చివరికైనా వస్తుంది కదా. ఇది అలా కాదు. అక్కడ ఏమీ లేదు. నోట్‌బుక్కులో నా చేత్తోనే రాసిన పేజీలు ఉండేవి. అవి ఎప్పుడు రాశానో తెలిసేది కాదు. రెండు పేజీల తర్వాత అక్షరాలు వంకర తిరిగి ఉండేవి.

"సునీత గారూ, ఇంట్లో చదవట్లేదా అండీ?" అని మూర్తిగారు అడిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. చదువుతున్నానని చెబితే నమ్మరు. నమ్మితే ఇంకా అవమానం, చదివినా రాని మొద్దునని. ఇంటికొచ్చి శ్రీశైలంతో చెప్పలేదు. మంచం మీద కాలు చాపుకుని పడుకున్న మనిషికి నేను తప్పుతానేమోనన్న భయం కూడా ఎందుకు ఇవ్వాలి అనుకున్నాను.

ఆ మరుసటి పొద్దున మొదలైంది. నాలుగున్నరకు వాకిట్లో అత్తమ్మ పొయ్యి ఊదుతోంది. నేను పళ్ళు తోముకుంటున్నాను. ఊదుతూ ఊదుతూ ఆమె పాట పాడినట్టు ఏదో అంటోంది. దగ్గరికెళ్ళి విన్నాను. కొలెసిస్టెక్టమీ. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ పేరు. నేను టైపు చేయాలంటే మూడుసార్లు తప్పు కొట్టే మాట. అత్తమ్మకు తన పేరు రాసుకోవడం కూడా రాదు.

"ఎక్కడ విన్నవ్ అత్తమ్మా?" అన్నాను.

"నువ్వే చెప్పినవ్ కదనే రాత్రి. నోట్లనే తిరుగుతున్నది."

అలా ఆ రోజు ఆరు పదాలు అప్పజెప్పింది. నోట్‌బుక్కు తెరిచి చూస్తే ఆరూ నిన్న సాయంత్రం రాసినవే. నా గుండె తేలికైపోయింది. ఏముంది, మాత్ర మత్తులో నేను పైకి చదువుతున్నాను, శ్రీశైలం మంచం ముందు గదిలో, లోపలి గదిలో అత్తమ్మా నేనూ పడుకుంటాం, ఆమె వింటోంది. అత్తమ్మది మామూలు చెవి కాదు. పెళ్ళి పాట ఒక్కసారి వింటే మళ్ళీ ఎక్కడా తప్పకుండా పాడేది. నేను పోగొట్టుకున్నది ఆమె దగ్గర ఉందన్నమాట.

అప్పట్నుంచి అదే మా పద్ధతి. పొద్దున్నే ఆమె పొయ్యి ముందు కూర్చుని చెప్పేది, నేను పక్కన పీట మీద కూర్చుని రాసుకునేదాన్ని. వాటి అర్థం ఆమెకు అక్కర్లేదు. ఉచ్చారణ మాత్రం మా మూర్తిగారి కంటే బాగుండేది, అచ్చం టేపుల్లో అమెరికా డాక్టర్లలాగే. ఇంకో వింత ఏమిటంటే, వాళ్ళు వాక్యం అయిపోగానే చుక్క పెట్టమని 'పీరియడ్' అంటారు. అత్తమ్మ ఆ పీరియడ్‌తో సహా చెప్పేది. పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి గోడ మీద నుంచి విని కిసుక్కున నవ్వింది. నాకు సిగ్గేసి, ఆ మాట వదిలేయమన్నాను.

"ఎందుకిడుస్త? కోస్తోళ్ళు మాట మాటకు అండి అనరా? గిది దొరల అండి కావచ్చు" అంది.

డిక్టేషన్‌లో నా మార్కులు పెరిగాయి. ట్రైనింగు తొమ్మిదో వారంలో మాత్రలు అయిపోతే మళ్ళీ మెహదీపట్నం వెళ్ళాను. ఈసారి డాక్టర్ తీరికగా ఉన్నాడు. చదువు సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"మాత్ర వేసుకున్నాక చదువుతున్నారా? ఎవరు చెప్పారమ్మా మీకు? ఈ మందు పనిచేస్తున్నంతసేపూ మనిషి మాట్లాడుతుంది, రాస్తుంది, అడిగితే జవాబూ చెబుతుంది. కానీ కొత్తది ఏదీ లోపల నిలవదు. తెల్లారి వెతికితే ఉండదు. వేసుకోకముందు చదివినది ఎక్కడికీ పోదు. పుస్తకం ముందు, మాత్ర తర్వాత. అర్థమైందా?"

అర్థమైంది. అత్తమ్మ సంగతి కూడా చెబితే ఆయన నవ్వేశాడు. మీరు పైకి చదువుతున్నారు, ఆవిడ వింటున్నారు, ఆవిడ మాత్ర వేసుకోలేదు కాబట్టి ఆవిడకు గుర్తుంది, ఇందులో వింత ఏముంది అన్నాడు. మూడు వారాల్లో మెల్లగా తగ్గించి మానేయమని రాసిచ్చాడు. నేను కూడా అంతేననుకున్నాను.

ఆ రోజు నుంచి నాలుగింటికే పుస్తకం తీసి, ఏడింటికి మూసేసి, అప్పుడు మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. నిజంగానే పొద్దున్నకి అన్నీ ఉండేవి. ఇక అత్తమ్మ చెప్పాల్సిన పని లేదు. అయినా ఆమె నోట్లో తిరుగుతూనే ఉండేవి. ఆ వారమే ఒక పొద్దున కొత్త మాట వచ్చింది.

"ఫ్లూ" అంది. దగ్గింది. "మాజెనిల్. పీరియడ్."

నేను రాసుకోలేదు. అలాంటిది నేను చదవలేదు. మర్నాడు మళ్ళీ అదే, మధ్యలో అదే దగ్గు. పొయ్యి పొగకు అనుకున్నాను. మూడో రోజు విసుగొచ్చి కంపెనీ ఇచ్చిన మందుల పుస్తకంలో వెతికాను. లేదు. వినబడినదాన్ని బట్టి నాలుగైదు రకాలుగా స్పెల్లింగ్ రాసి చూశాను, ఏదీ లేదు.

"అత్తమ్మా, గిది తప్పు. గిట్లాంటి మందు లేదు" అన్నాను.

"లేకపోతే నాకెట్ల వస్తది? నువ్వన్నదే" అంది, పొయ్యిలోకి కట్టె తోస్తూ. టెస్టు ఇంకా మూడు వారాలుంది, నాకు వేరే భయాలు చాలా ఉన్నాయి.

టెస్టు రోజు పన్నెండు మందిమి కూర్చున్నాం. ఒక్కొక్కరికి మూడు ఫైళ్ళు. మాట అందకపోతే అక్కడ గీత పెట్టి ఖాళీ వదలాలి. ఖాళీలు మొత్తం రెండే అనుమతి. ఊహించి రాయడం మాత్రం పాపం. ముఖ్యంగా మందు పేరు తప్పు రాస్తే మిగతా పేపరు ఎంత బాగున్నా ఫెయిలే. రోగి ప్రాణంతో పని కాబట్టి అది న్యాయమే.

మొదటి రెండు ఫైళ్ళలోనే నా రెండు ఖాళీలూ అయిపోయాయి. మూడో ఫైల్లో గొంతు కొత్తది, ముసలి డాక్టరు. కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష కోసం ఒకామెకు మత్తు ఇచ్చారట. పరీక్ష అయిపోయినా ఆమె లేవలేదట. అప్పుడు ఆమెకు ఏదో ఇచ్చామని చెబుతున్నాడు.

"ఫ్లూ" అన్నాడు. దగ్గాడు. మిగతా మాట దగ్గు వెనకాల కలిసిపోయింది. "పీరియడ్."

నా కాలు పెడల్ మీద నుంచి జారింది. వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ విన్నాను. పొయ్యి దగ్గర విన్న దగ్గే అది. పొడి దగ్గు, ఒక్కటే, సరిగ్గా ఆ రెండు ముక్కల మధ్య. భయం కంటే ముందు కోపం వచ్చింది నాకు, ఇప్పుడే రావాలా ఇది అని.

ఖాళీ వదిలితే మూడోది అవుతుంది, తప్పిపోతాను. అత్తమ్మ మాట రాస్తే, అది లేని మందైతే, అప్పుడూ తప్పిపోతాను. మంచం మీదున్న మనిషి గుర్తొచ్చాడు. ఇంకో మూడు నెలలు ఇంట్లో ఏం తింటామన్నది గుర్తొచ్చింది. అప్పుడు మందుల పుస్తకంలో వెతకడానికి నేను రాసి చూసుకున్న స్పెల్లింగుల్లో మొదటిది కొట్టి, లేచి బయటికి వచ్చేశాను.

పన్నెండు మందిలో నలుగురం పాసయ్యాం. ఆ చోట ముగ్గురు రోగికి ఫ్లూ జ్వరం అని రాశారట. మిగతా అందరూ ఖాళీ వదిలారు. మూర్తిగారు నన్ను పక్కకు పిలిచారు.

"మీరు రాసిన ఫ్లూమాజెనిల్ కరెక్టే. అది మత్తుకు విరుగుడు మందు అండీ. నిద్రమాత్రల్లాంటివి ఎక్కువైతే మనిషిని లేపడానికి ఇస్తారు. మన పుస్తకంలో లేదు. నాకే తెలియక అమెరికాకు మెయిల్ పెట్టి కనుక్కున్నాను. ఆ ఫైలు వచ్చిందే మొన్న సోమవారం. మీకెలా తెలుసు?"

మా అత్తమ్మ చెప్పిందన్నాను. ఆయన నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వారు.

ఇంటికొచ్చి చెబితే శ్రీశైలం మంచం మీద నుంచే చేతులు చాచాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరం నవ్వాం. అత్తమ్మ బెల్లం పాయసం వండింది. నేను ఆమెను ఆ మాట ఇంకోసారి అనమని అడిగాను. ఆమె ఆలోచించింది. "ఏం మాట?" అంది. ఎంత గుర్తు చేసినా రాలేదు. అప్పటికి నేను మాత్రలు పూర్తిగా మానేసి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర ఆమె ఏమీ అనలేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు.

ఆ ఆదివారం లోపలి గది అటక దులుపుతుంటే పప్పు డబ్బా వెనక కాగితం పొట్లం దొరికింది. అందులో నా మాత్రలు, సగం సగం విరిచినవి మూడు. అంతకుముందు మాత్రలు రావాల్సినన్ని రోజులు వచ్చేవి కావు. మత్తులో నేనే రెండోసారి మింగుతున్నానేమోనని భయపడి ఎవరితోనూ అనలేదు.

పొట్లం చూపిస్తే అత్తమ్మ దొంగతనం దొరికిన చిన్నపిల్లలా తల దించుకుంది. నేను మాత్రలు మొదలుపెట్టిన మొదటి వారం నుంచే ఆమె కూడా రోజూ సగం మింగుతోందట. నాకు అన్నం పెట్టేటప్పుడే, అంటే నాకంటే అరగంట ముందే.

"మరి నేను చదివింది ఎట్ల విన్నవ్?" అన్నాను.

"ఏమో బిడ్డా. నువ్వు పుస్తకం పట్టేసరికి నేను పండుకుంటుంటి. పొద్దుగాల పొయ్యి ముట్టిస్తే నోట్లకొస్తుండె. నువ్వు చెప్పినవనే అనుకున్న."

శ్రీశైలాన్ని అడిగాను. ముందు గదికీ లోపలి గదికీ మధ్య తలుపు కూడా లేదు, గుడ్డ పరదా అంతే. నేను పైకి చదవడం తను ఒక్కనాడూ వినలేదన్నాడు. తలుచుకుంటే ఇంకో సంగతి. ఇంట్లో నేను చదివే జాబితాల్లో పీరియడ్ అనే మాట ఉండదు. అది టేపుల్లోనే ఉంటుంది, టేపులు ఆఫీసు దాటి బయటికి రావు.

మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని నాకు తెలుసు కాబట్టి అత్తమ్మను తీసుకుని మెహదీపట్నం వెళ్ళాను. డాక్టర్‌కు మొత్తం చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు. సగమైనా ఈ వయసులో ఆమెకు గట్టిగానే పనిచేస్తుందని, నాకు నిలవనిది ఆమెకు అసలే నిలవదని అన్నాడు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. ఆ మందు పేరు సంగతి తనకూ తెలియదన్నాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళనుంచి నిద్ర లేదమ్మా మీకు?"

"మా ఆయన పోయిన కాడికెల్లి సారూ."

"రెండేళ్ళా? ఇంట్లో చెప్పలేదా?"

"నన్నెవలు అడిగిన్రు సారూ" అంది. ఫిర్యాదులా కాదు, మామూలుగా, ఏ ఊరంటే పుప్పాలగూడ అని చెప్పినట్టు.

నేను ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

ఆ మాటలు ఎవరు చెప్పారో, ఎవరు గుర్తుపెట్టుకున్నారో, ఇంకా ఎవరూ వినని దగ్గు మూడు వారాల ముందే మా వాకిట్లోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళను చాలామందిని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు, ఏదీ మొత్తానికి సరిపోలేదు. ఆ ప్రశ్న అలా ఉండిపోయినా నాకు పెద్ద బాధ లేదు. నాకు బాధగా ఉండేది వేరే. ఆ మూడు నెలలూ నేను లేవగానే అత్తమ్మ అడిగే మొదటి మాట, "మంచిగ నిద్ర పట్టిందా బిడ్డా?" అని. నేను పట్టిందనో లేదనో చెప్పి పుస్తకం తీసేదాన్ని. నీకు పట్టిందా అత్తమ్మా అని ఒక్కరోజు కూడా అడగలేదు.